మడత మీద కత్తిరించిన బొమ్మలు

హాలియాలో వహీద్ టైలర్ షాపు పొద్దున తొమ్మిదిన్నరకు తెరుచుకుంటుంది. షట్టర్ సగం లేచి ఆగిపోతుంది. వహీద్ దాన్ని ఉర్దూలో ఒక మాట అని, అరచేత్తో ఒక్కటి ఇచ్చాక మిగతా సగం లేస్తుంది. తర్వాత మిషన్‌కు నూనె, ఇస్త్రీపెట్టెకు ప్లగ్గు, నిలువుటద్దానికి తడిగుడ్డ. అద్దం తుడుస్తుంటే అటువైపు నుంచి నిన్నటి వహీద్ కూడా తుడుస్తూ కనిపిస్తాడు. ఆ అద్దం సరిగ్గా ఒకరోజు ఆలస్యం. నిన్న ఈ వేళకు దాని ముందు ఏముంటే ఈరోజు ఈ వేళకు అదే చూపిస్తుంది. అందుకే షాపులో బోర్డు రాసి ఉంటుంది: 'ట్రయల్ చూసుకునేవారు మరుసటి రోజు అదే టైముకు రాగలరు.' హాలియా జనం అట్లాగే వస్తారు. సోమవారం పదింటికి ప్యాంటు తొడుక్కొని నిలబడి, మంగళవారం పదింటికి వచ్చి వెనక ఎట్లా ఉందో చూసుకొని పోతారు. శనివారం మధ్యాహ్నం మాత్రం ఎవరూ రారు. శుక్రవారం నమాజుకు షాపు మూసిన చీకటి తప్ప అప్పుడు అద్దంలో ఏమీ ఉండదు.

వహీద్ కూతురు జబీన్‌కు ఇరవై రెండేళ్ళు. నల్లగొండలో పాలిటెక్నిక్ చదివి వచ్చింది. షాపులో గుండీలు కుట్టడం, కాజాలు తీయడం ఆమె పని. మిగిలిన టైమంతా ఒక పాత లాప్‌టాప్ ముందు కూర్చొని గళ్ళ బొమ్మలు వేస్తుంది. ఫోన్ గేముల్లో చిన్న చిన్న మనుషులు పరిగెత్తుతుంటారు కదా, దగ్గరికి పెట్టి చూస్తే గళ్ళు గళ్ళుగా కనిపిస్తారు, ఆ మనుషులు. ఒక్కో గడికీ ఒక్కో రంగు నింపుకుంటూ పోవాలి. ఒక్క గడి పక్కకు జరిగితే ముక్కు కాస్తా మూతి అవుతుంది. వినడానికి పిల్లలాటలాగే ఉంటుంది గానీ కూర్చుంటే తెలుస్తుంది.

ఆమెతో చదివిన మానస చండూరు నేతవాళ్ళ పిల్ల. హైదరాబాదులో గేములు తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. ఆ కంపెనీ వాళ్ళు పల్లెటూరి గేమ్ ఒకటి మొదలుపెట్టి, ఇంటి దగ్గర కూర్చొని బొమ్మలు వేసేవాళ్ళ కోసం పరీక్ష పెట్టారు. నారుకట్ట మోసే నాటుకూలి ఆడమనిషిని వేయాలి. నిలబడ్డ బొమ్మ ఒకటి, నడిచే బొమ్మలు నాలుగు. ఆ నాలుగూ ఒకదాని వెంట ఒకటి తిప్పితే ఆమె నడిచినట్టు ఉండాలి. బుధవారం సాయంత్రం అయిదుకు ఆఖరు.

జబీన్ ఇట్లాంటి పరీక్షల్లో అప్పటికే రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి. ఈసారి కూడా కాకపోతే మిర్యాలగూడలో ఖలీద్ బట్టల షోరూములో బిల్లింగు కౌంటర్‌కు పోతానని ఆమే అబ్బాకు, అంటే తండ్రి వహీద్‌కు, మాటిచ్చింది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే పని, పైన రానుపోను బస్సు. అందులో చేరితే ఇక బొమ్మలు లేనట్టే. ఆ సంగతి ఆమెకు తెలుసు. వహీద్‌కు తెలుసో లేదో ఆయన మొహం చూస్తే తెలియదు.

శుక్రవారం సాయంత్రం, ముందుగా చూడమని జబీన్ పంపిన బొమ్మ చూసి మానస ఫోన్ చేసింది.

"జబీనూ, ఏమనుకోకు. నీ బొమ్మ మనిషి లెక్క లేదే. హ్యాంగర్‌కు తగిలిచ్చిన చొక్కా లెక్క ఉన్నది."

"కొలతలు కరెక్టే గదా?"

"కొలతలు కరెక్టే. కుడి ఎడమ అచ్చం ఒక్కతీరు ఉన్నయ్, గదే తప్పు. సగం గీసి తిప్పి అతికిచ్చినవ్ గదా? ఏ మనిషన్న గట్ల నిలబడతదా? ఇంగ నీడ సూడు. చుట్టూత నల్లగ అంచు కుట్టినవ్. అసలు వెలుగు యాడికెళ్ళి వస్తాంది?"

జబీన్ ఫోన్ పెట్టేసి బొమ్మను చూసుకుంది. మానస అన్నది అక్షరాలా నిజం. ఈ తప్పు టైలర్ బిడ్డ తప్ప ఇంకొకరు చేయరు. పుట్టినప్పటి నుంచి ఆమె చూసింది అదే. గుడ్డను రెండుగా మడిచి, మడత మీద సగం చొక్కా గీసి కత్తిరిస్తే విప్పినప్పుడు పూర్తి చొక్కా వస్తుంది. మనిషిని కూడా అట్లాగే మడత మీద కత్తిరించింది. అంచు కుట్టనిదే ఏ గుడ్డా ఇంట్లోంచి బయటికి పోదు కాబట్టి బొమ్మకు కూడా చుట్టూ అంచు కుట్టేసింది. నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ప్రస్తుతానికి నవ్వుకుంది.

శనివారం పొద్దున పదింపావుకు బీరమ్మ వచ్చింది. బీరమ్మ నాట్లేసే ఆడవాళ్ళ గుంపుకు మేస్త్రి. సాగర్ కాలువకు నీళ్ళు వదిలారంటే ఆమెను పట్టుకోవడం కష్టం. గుంపులో పన్నెండు మందికీ చీరల మీద తొడుక్కోవడానికి పొడుగుచేతుల మగచొక్కాలు కుట్టించుకుంటుంది. ట్రయల్‌కు ఒకటి తొడుక్కొని అద్దం ముందు నిలబడగానే ఆమె ఫోన్ మోగింది.

"ఏంది పటేలా, రేపంటవు, ఎల్లుండంటవు? నా మనుషులు నీకోసం ఖాళీగ కూసున్నరా?" అని అటువైపు మనిషిని పది నిమిషాలు కడిగింది. కడగడం అయ్యాక, "ఓ వహీదన్నా, చేతులు జర పొడుగు వెట్టు. దోమలు గుంజుకొని తింటున్నయ్" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆదివారం పదింపావుకు చొక్కా ఎట్లా ఉందో చూసుకోవడానికి మళ్ళీ వచ్చింది. అద్దంలో నిన్నటి బీరమ్మ ఫోన్ చెవికి పెట్టుకొని తిడుతోంది. మాటలు వినిపించవు. బీరమ్మ తన వీపును అటూ ఇటూ పరీక్షగా చూసి, "ఈపు కాడ ముడుత వడుతాంది సూడన్నా" అంది. జబీన్ మాత్రం చొక్కాను చూడడం లేదు.

అద్దంలో తనను తాను చూసుకునే వీలు ఉండదు కాబట్టి ఆ షాపులో ఎవరూ అద్దం కోసం నిలబడరు, ఊరికే నిలబడతారు. బీరమ్మ కూడా ఊరికే నిలబడింది. బరువంతా ఎడమకాలి మీద, ఎడమ తుంటి పైకి, ఎడమ భుజం కిందికి. కుడి మోకాలు కొంచెం వంగి ఉంది. ఇన్నేళ్ళుగా ఆ అద్దం ముందే కూర్చొని గుండీలు కుట్టిన జబీన్ మొదటిసారి దాన్ని చూసింది.

"బీరమ్మత్తా, నువ్వు ఒక్క కాలి మీదనే నిలబడ్డవు."

"రెండిటి మీద నిలబడితే నడుం ఉంటదా బిడ్డా? ఒక కాలు పని జేస్తుంటే ఒక కాలు రికాం ఉండాలె. లేకపోతే పొద్దుమూకే దాక ఎట్ల ఆగుతం?"

ఆదివారం హాలియాలో మబ్బు పట్టి ఉంది గానీ అద్దంలో శనివారం ఎండ కాస్తోంది. ఎడమ పక్క గుమ్మంలోంచి వచ్చి బీరమ్మ మీద పడుతోంది. ఒక పక్క చెంప, చొక్కా, చేయి మెరుస్తుంటే రెండో పక్క నీడలో ఉంది. చుట్టూ అంచు ఎక్కడా లేదు. పైగా తెల్లచొక్కా నీడ నల్లగా లేదు, ఇంచుమించు నీలంగా ఉంది. నీడలో రంగు మారుతుందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. దారం కొనేటప్పుడు గుడ్డను ఎండలోకి పట్టుకొచ్చి చూడమని తండ్రి నెత్తిన మొట్టి నేర్పాడు. తెలిసిన సంగతి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందో మరి.

సాయంత్రానికి నిలబడ్డ బీరమ్మ తయారైంది. మానస ఫోన్లోనే అరిచింది. "గిది మనిషే! నడుం మీద చెయ్యి వెట్టి నన్నే తిట్టేటట్టున్నది. ఇంగ నడిపియ్యి."

నడిపించడం దగ్గర వచ్చింది చిక్కు. నాలుగు బొమ్మలు వేసి తిప్పి చూస్తే కాళ్ళు కత్తెర తెరిచి మూసినట్టు ఆడుతున్నాయి. నెత్తి మీది నారుకట్ట గాలిలో దానంతటది తేలుతోంది. మూడో అడుగుకల్లా ఆ మనిషి వెనక్కి పడిపోయేటట్టు ఉంది. ఎందుకు పడుతోందో జబీన్‌కు అర్థం కాలేదు. సోమవారం పొద్దున్నే ఫోన్ పట్టుకొని బీరమ్మ గుంపు నాటేసే పొలానికి వెళ్ళింది. ఫోన్ పైకెత్తగానే పన్నెండు మందీ కొంగులు సర్దుకొని, వరుసగా నిలబడి, నవ్వు మొహాలు పెట్టారు. నడవండత్తా అంటే నడిచారు, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు. మోకాలి లోతు బురదలో అసలు కాళ్ళే కనిపించలేదు.

పదిన్నరకు షాపుకు తిరిగి వచ్చింది. వహీద్ కరెంటు బిల్లు కట్టడానికి పోయి ఉన్నాడు. మళ్ళీ వేసింది, చెరిపింది, మళ్ళీ వేసింది. బొమ్మ పడుతూనే ఉంది. పదకొండింటికి అద్దం ముందున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. ఇక తనకు రాదు అనుకుంది. చున్నీలో మొహం దాచుకొని చాలాసేపు ఏడ్చింది. తండ్రి వచ్చేసరికి మొహం కడుక్కొని గుండీలు కుడుతోంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర వహీద్ అన్నాడు: "ఖలీద్ భాయ్ ఫోన్ చేసిండు. గురువారం నుంచి రమ్మంటుండు."

"బుధవారం అయిపోనీ అబ్బా. ఇచ్చిన మాట తప్పను."

ఆయన పప్పు వేయమని భార్యకు పళ్ళెం జరిపాడు.

మంగళవారం పదకొండు కొడుతుండగా వహీద్ ఇస్త్రీ చేసిన చొక్కాలు తీసుకొని అద్దం పక్కకు వెళ్ళాడు. అక్కడే కాసేపు ఆగాడు. వెనక్కి తిరిగి, ఉన్నట్టుండి కూతురి మీద గయ్యిమన్నాడు.

"కాజాల దారం లేదు, తెల్ల గుండీలు లేవు. ఎవరు తెస్తరు? సాగర్ రోడ్డు చివర్ల గా పెద్ద దుకాణంకు పో. రంగులు మంచిగ చూసి తే. గబగబ రాకు."

"ఇప్పుడా అబ్బా? నాకు ఒక్క రోజే ఉన్నది."

"ఇప్పుడే."

డబ్బా నిండా గుండీలు కళ్ళముందే ఉన్నాయి. వాదించే ఓపిక లేక గొణుక్కుంటూ పోయింది. పన్నెండు దాటాక వచ్చేసరికి వహీద్ కుర్చీలో కాలు చాపుకొని మోకాలు పిసుక్కుంటున్నాడు. "గింత సేపా?" అని ఎదురు గదిమాడు. ఆ రోజంతా జబీన్ వేసిన నడక ఒక్కటి కూడా నిలబడలేదు.

బుధవారం పొద్దుటి నుంచి వాన. వహీద్ ఒక బడికి కుట్టిన యూనిఫాంల మూట తీసుకొని ఎనిమిది గంటల బస్సుకు నకిరేకల్ బయలుదేరాడు. గుమ్మంలో గొడుగు విప్పుతూ ఆగాడు.

"పదకొండింటికి అద్దం తుడు."

"పొద్దుగాల తుడుస్తరు గదా రోజు?"

"చెప్పింది జెయ్యి. పదకొండింటికి. ముందుగాల గాదు, ఎనకసీరి గాదు. లాప్‌టాప్ పక్కన వెట్టుకొని తుడు."

అద్దం తుడవడానికి లాప్‌టాప్ ఎందుకో అడిగే లోపు ఆయన రోడ్డు దాటేశాడు.

పదకొండింటికి జబీన్ గుడ్డ తడిపి అద్దం ముందుకు వచ్చింది. షాపులో వాన చీకటి. అద్దంలో మాత్రం నిన్నటి వెలుగు ఉంది. వెనకాల తను గుండీల కోసం గొణుక్కుంటూ గుమ్మం దిగిపోవడం కనిపించింది. తర్వాత వహీద్ మిషన్ దగ్గరి టేబుల్ లైటు తెచ్చి ఎడమ పక్క స్టూలు మీద పెట్టి వెలిగించి పోయాడు. కాసేపటికి ఆ వెలుగులోకి వచ్చి నిలబడ్డాడు.

లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, లాల్చీ మీద బీరమ్మ గుంపు చొక్కా ఒకటి తొడుక్కున్నాడు. నెత్తి మీద తడిపిన గోనెసంచిలో కట్పీసుల మూట. మెడలో ఎప్పుడూ ఉండే కొలతల టేపును గొంతు గుంట దగ్గర పిన్నుతో గుచ్చి, కింది కొసకు పెద్ద కత్తెర కట్టాడు. టేపు నిటారుగా వేలాడుతోంది.

మొదట ఊరికే నిలబడ్డాడు. టేపు ఎడమపాదం మీదికి దిగింది. దాన్ని వేలితో చూపించాడు. తర్వాత పక్కకు తిరిగి ఒక అడుగు వేశాడు. ముందుకాలి మడమ నేలకు తగిలింది, వెనక కాలి మడమ లేచింది. అంతలో ఆగిపోయాడు. టేపు ఇప్పుడు రెండు పాదాల నడుమ ఉంది. నెత్తి మీది మూట ఇందాకటి కంటే దిగింది. అట్లాగే బిగుసుకొని నిలబడ్డాడు, గీసుకోవడానికి పట్టేంత సేపు. ముందుకాలు వణకడం కనిపిస్తోంది. అయినా కదలలేదు.

జబీన్ చేతిలో గుడ్డ ఎప్పుడో కింద పడింది. లాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకొని గళ్ళు నింపడం మొదలుపెట్టింది.

రెండో భంగిమలో ఆయన బరువంతా ఒక్క కాలి మీదికి తెచ్చి, రెండో కాలు దాటిస్తూ ఆగాడు. టేపు మోస్తున్న పాదం మీద పడింది. మూట పైకి లేచింది. అప్పుడు తెలిసింది ఆమెకు. తన బొమ్మలో మూట నాలుగు బొమ్మల్లోనూ ఒకే ఎత్తులో ఉంది. మోసే మనిషి అడుగు వేసినప్పుడు దిగుతుంది, కాలు దాటేటప్పుడు లేస్తుంది. మూట కూడా మనిషితో పాటు దిగి లేవాలి. పైగా తన బొమ్మ గొంతు నుంచి దారం వదిలితే ఏ అడుగులోనూ అది కాళ్ళ దగ్గరికి రాదు, మడమల వెనక ఎక్కడో పడుతుంది. పడిపోక ఏంచేస్తుంది?

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి భుజాలు కొలిచిన మనిషి. ఎవరికి ఏ భుజం దిగుతుందో, ఎవరు ఏ కాలి మీద నిలబడతారో పుస్తకంలో రాసుకోకుండా గుర్తుపెట్టుకున్న మనిషి. ఒక్క రోజు కూడా కూతురి బొమ్మల గురించి మంచీ చెడూ అనలేదు. ఆయనకు అవి పట్టవనే ఆమె అనుకుంది.

నాలుగు భంగిమలూ అయ్యాక వహీద్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, ఈసారి మరీ నెమ్మదిగా. తను సరిగ్గా నిలబడ్డాడో లేదో చూసుకునే దారి ఆయనకు లేదు, అద్దం ఆయనను ఆయనకు చూపించదు. కానీ కళ్ళెత్తి అద్దంలోకే చూస్తున్నాడు. అంతసేపూ అందులో ఏం చూస్తున్నాడో జబీన్‌కు కాసేపటి దాకా తట్టలేదు. తట్టాక వేళ్ళు ఆగిపోయాయి. మంగళవారం పదకొండింటికి అద్దంలో సోమవారం పదకొండు ఉంటుంది. స్టూలు మీద చున్నీలో మొహం దాచుకొని తను ఉంటుంది.

ఆమె ఏడుపును చూస్తూ ఆయన అడుగు మీద అడుగు వేశాడు. చొక్కా చేత్తో ఒకసారి కళ్ళు కూడా తుడుచుకున్నాడు, నెత్తిన మూట జారకుండా. జబీన్‌కు తండ్రి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, అద్దంలోకి చేయి పెట్టి ఆ మూట దింపాలని అనిపించింది. దింపితే గీయడం కుదరదు కాబట్టి గీసింది.

పన్నెండుకు వహీద్ మూట దింపి, కత్తెర విప్పి, కుంటుకుంటూ లైటు ఆర్పాడు. అప్పటికి నాలుగు నడక బొమ్మలూ ఆమె దగ్గర ఉన్నాయి. మిగతాది రంగు పని. అది ఇప్పుడు ఆమె చేతిలో పని. వెలుగు ఎడమ పక్క నుంచి అని ఒకసారి నిశ్చయించుకున్నాక చేయి ఎక్కడా తడబడలేదు. కట్ట కింద మెడ మీద ముదురు నీడ, చొక్కా ముడుతల్లో నీలం, ఎడమ మోకాలి మీద రెండే రెండు తెల్ల గళ్ళు. చుట్టూ ఉన్న అంచును మొత్తం కుట్లు విప్పినట్టు విప్పేసింది. తిప్పి చూసింది. గళ్ళ బీరమ్మ నెత్తిన నారుకట్ట పెట్టుకొని నడిచింది. పడలేదు. తల్లి తాహేరా షాపు వెనకున్న ఇంట్లోంచి అన్నానికి పిలవడానికి వచ్చి, తెర మీద నడుస్తున్న మనిషిని చూసి, "గీమె ఎవరు, బరువు బాగ మోస్తుందే" అని లోపలికి పోయింది.

నాలుగున్నరకు పంపించింది. ఆరింటికి మానస ఫోన్.

"మా సారు మూడుసార్లు తిప్పి తిప్పి సూసిండు. గీ అమ్మాయి రోజుల తరబడి ఎవరినో ముందల నిలబెట్టుకొని గీసింది అంటుండు. సోమవారం నుంచి పని మొదలుపెట్టు. మీ ఇంట్ల కూసొనే."

"రోజులు గాదు, ఒక్క గంట" అంది జబీన్. మానసకు అర్థం కాలేదు, ఆమె విడమరిచి చెప్పలేదు.

ఏడింటికి వాన వెలిసింది. వహీద్ బస్సు దిగి, తడిసిన చెప్పులు గుమ్మం బయట వదిలి, కుడికాలు కొంచెం ఈడ్చుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జబీన్ లాప్‌టాప్ పట్టుకొని ఎదురుగా నిలబడింది. చెప్పాల్సిన మాటలు మధ్యాహ్నం నుంచి పేర్చుకొని ఉంది. ఆయన మొదట అందుకున్నాడు.

"ఖలీద్ భాయ్‌కి ఫోన్ చేసి చెప్పిన. మా బిడ్డ రాదు, ఇంకెవరినన్న సూసుకొమ్మన్న."

"ఎప్పుడు చెప్పిన్రు?"

"పొద్దుగాల. బస్సు ఎక్కంగనే."

"పొద్దుగాల ఎనిమిదింటికా? అప్పటికి నేను ఒక్క గడి గూడ గీయలే అబ్బా. అద్దమే సూడలే. ఒకవేళ నాతోని కాకపోతే?"

వహీద్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ ప్రశ్న ఆయనకు వింతగా తోచినట్టుంది.

"కాకపోవుడేంది? గంటసేపు నిలబడ్డ."

జబీన్ నడుస్తున్న బొమ్మను ఆయన ఒళ్ళో పెట్టి, మోకాలి మందు తేవడానికి లోపలికి వెళ్ళింది.